టైటస్ మేష్టారి తెల్ల ట్యూబులు

డుంబ్రిగుడ దగ్గరి బడికి బదిలీ మీద వచ్చిన మొదటి వారంలోనే నేను టైటస్ మేష్టారిని దొంగ అనుకున్నాను. అనుకుని ఊరుకునే రకాన్ని కాదు, మొహం మీదే అనేశాను కూడా.

అప్పటికి నా మనసు బాగోలేదు. సాలూరులో ఇల్లు కట్టుకుని ఏడాది తిరక్కుండానే కొండ మీదికి తోసేశారన్న ఉక్రోషం ఒకటి, ఉతికిన దుప్పటి నాలుగు రోజులైనా ఆరని చలి ఒకటి. ఆ రోజు పిల్లలకు పంచడానికి రంగుల పెట్టెలు వచ్చాయి. డ్రాయింగు గది ముందునుంచి పోతూ కిటికీలోంచి చూస్తే, ఈయన ఒక్కో పెట్టె మూత తీసి, అందులోంచి ఒక్కో ట్యూబు లాగి, పక్కనున్న బిస్కెట్ల డబ్బాలో వేసుకుంటున్నాడు. వరసగా ప్రతి పెట్టెలోనూ అదే పని.

"ఏం మేష్టారూ, పిల్లల రంగులు కూడా వదలరా?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. డబ్బా నా వైపు తిప్పాడు. అన్నీ తెల్లరంగు ట్యూబులే.

"ఇవి సేతిలో ఉంటే గుంటలు బొమ్మలు పాడు సేసుకుంటారు మేష్టారూ. ఎండ కావల్సిన సోటల్లా తెల్లరంగు పూసేస్తారు. నీళ్ళ రంగుల్లో ఎండ పూసీది కాదు, వదిలీది."

నాకు ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం చిన్నప్పట్నుంచీ నాకు చేతకాదు కాబట్టి, "అలాగా" అని వచ్చేశాను. దొంగ అన్నందుకు క్షమించమని అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

టైటస్ మేష్టారిది పాచిపెంట కొండల్లో ముప్పై గడపల గూడెం. మిషను హాస్టల్లో ఉండి చదువుకుని, డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసై, మా బడిలో పార్ట్‌టైము ఇన్‌స్ట్రక్టరుగా చేరాడు. అది పద్ధెనిమిదేళ్ళ కిందటి మాట. ఈసారి పర్మనెంటు చేస్తారట అని ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు చెబుతారు. ఆయన తల ఊపి తన గదిలోకి వెళ్ళిపోతాడు. ఆయన భార్య దేవమణిది ఇక్కడికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న గూడెం. అక్కడే కాపురం. పుట్టింటివాళ్ళ మెట్టలో ఆమె చోళ్ళూ సామలూ వలిసెలూ వేస్తుంది. నిజానికి ఆ ఇల్లు నడిచేది ఆమె రెక్కల మీదే.

ఆయన మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. తెల్లకాగితం ఒకటి బల్లకి అంటించి నిలబెట్టి, "దీంట్లో ఏటుంది?" అని అడుగుతాడు.

"ఏటీ నేదు సార్" అంటారు పిల్లలు.

"ఎండుంది. ఉన్నదంతా ఎండే. మీరు నీడ ఒక్కటే ఎయ్యాల. ఎక్కడ నీడ ఎయ్యరో అక్కడ ఎండ దానంతటదే నిలబడిపోద్ది. ఒకసారి రంగు పడిందంటే ఎండ మరి రాదు. అంచేత ముందే సూసుకోవాల, ఏది ఒగ్గీయాలో."

పక్క గదిలో సంధులు చెప్పుకుంటూ నేను ఈ పాఠం నాలుగేళ్ళు గోడ అవతలనుంచి విన్నాను. మెచ్చుకోవడంలో నాకు పిసినారినని పేరు. అయినా చెబుతున్నాను, ఆయన బొమ్మల్లో ఎండ ఉండేది. మంచు పైకి లేచే వేళ, ఎనిమిదింటికి, కొండ వెనకనుంచి వెలుతురు అడ్డంగా దూరి వస్తుందే, అది ఇక్కడ పావుగంట కన్నా నిలవదు. ఆ పావుగంట కోసం ఆయన తెల్లవారుజామున ఐదింటికి లేచి, బల్ల చంకన పెట్టుకుని, మట్టి మూకుడులో నిప్పులు వేసుకుని బయల్దేరేవాడు. నిప్పులు ఎందుకంటే, మంచులో కాగితం ఆరదు. ఒక పూత ఆరకముందే రెండోది వేస్తే రెండూ కలిసి బురద. అందుకని పూత వెయ్యడం, బల్లను నిప్పుల మీద పట్టడం, చేతి వెనకవైపు ఆనించి చూడడం, మళ్ళీ పూత. ఈ తంతు అంతా అయ్యేసరికి ఆ కాగితం మీద ఎక్కడో రెండు వేళ్ళ మేర ఖాళీ మిగిలేది. అదే వాగు మీద ఎండ. దాన్ని చూస్తే నాకు కళ్ళు చికిలించాలనిపించేది.

ఆయనకు ఒక కూతురు ఉండేదని రెండేళ్ళ దాకా నాకు తెలియదు. ఒకనాడు సంతకు నడిచి వెళుతుంటే, వలిసె చేలు పచ్చగా పూసి ఉంటే, ఆయనే చెప్పాడు.

పేరు సలోమి. పదకొండేళ్ళప్పుడు, ఇలాంటి నవంబరులోనే ఒక పొద్దున తండ్రి వెంట చేనుకు వెళ్ళింది. వలిసె పూల మధ్య నిలబడి, సూర్యుడికి అడ్డంగా కంటి మీద చెయ్యి పెట్టుకుని, "నాన్నా, ఇంకెంత సేపు" అంది. వెనకనుంచి ఎండ ఆ పిల్ల చెవిలోంచి దూరి చెవి ఎర్రగా కనిపించిందట. ఆయన బేగి బేగిగా కొండ వేశాడు, మంచు వేశాడు, పూలు వేశాడు, పిల్ల కాళ్ళ దగ్గర నీడ వేశాడు. పిల్లను మాత్రం వెయ్యలేదు. ముఖం, చెయ్యి, భుజం మీద కప్పుకున్న గుడ్డ, అంతా తెల్లగా వదిలేశాడు. ఎండ పోయింది. మిగతాది రేపు వేద్దాం అనుకున్నాడు.

మర్నాడు ముసురు పట్టింది. నాలుగు రోజులు మంచు లేవలేదు. అయిదో రోజు పిల్లకు జ్వరం. జ్వరం తగిలిన మూడో నాటికి జీపు కట్టించుకుని కిందికి దించుతుంటే ఘాట్ రోడ్డులో, తల్లి ఒళ్ళో పోయింది.

"అయితే ఆ బొమ్మ?" అన్నాను. ఆయన కళ్ళలోకి చూడలేక అడిగిన ప్రశ్న అది.

"ఉంది. ఇంట్లో ఉంది. దేవమణి దాసింది. నాను మరి ఇప్పి సూడలేదు."

ఆ పిల్లకు ఫొటో లేదు. ఉన్నదల్లా ఆధార్ కార్డు మీద బొమ్మ, అందులో ఎవరి పిల్లయినా ఒక్కలాగే ఉంటుంది. టైటస్ మేష్టారు ఆ తర్వాత మనుషుల్ని వెయ్యడం మానేశాడు. కొండలూ వాగులూ వేశాడు. కానీ పొద్దున్నే నిప్పుల మూకుడు పట్టుకుని వెళ్ళి ఆయన నేర్చుకుంటున్నది ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఆ ఖాళీలో ఏ నీడ ఎంత వేస్తే తన కూతురు లేచి నిలబడుతుందో, దానికోసం చెయ్యి సానబెట్టుకుంటున్నాడు. ధైర్యం చాలడానికి ఆయనకు ఆరేళ్ళు పట్టింది.

ధైర్యం కూడా ఆయనంతట ఆయనకు రాలేదు. ఈ జూన్‌లో వాళ్ళింటికి గ్యాసు పొయ్యి వచ్చింది. కట్టెల పొయ్యి తీసేశారు. దేవమణి అటక మీది సరుకంతా దింపింది. కొండ మీద ఇళ్ళలో పొయ్యికి సరిగ్గా పైన వెదురు అటక ఉంటుంది. పోగొట్టుకోకూడనిది ఏదైనా అక్కడే పెడతారు. పై ఏటికి విత్తనం చోళ్ళు, సొరబుర్రలో కందులు, ఎండిన పసుపు. కింద పొయ్యి రాజుకున్నన్నాళ్ళు పైకి పొగ తగులుతుంది, పురుగు చేరదు, బూజు పట్టదు. ఈ చెమ్మలో ఇంతకన్నా భద్రమైన చోటు లేదు. ఆ అటక మీదే, చేటలో, పాత చీర ముక్కలో చుట్టి, ఆ బొమ్మ ఆరేళ్ళుగా ఉంది.

"మరి పొగుండదు గదా, బూజు పట్టీద్ది. గోడకి కట్టుకుందుమా?" అని అడిగిందట దేవమణి.

"పూర్తి సేసి తెస్తాను" అన్నాడట ఈయన.

ఆమె "నీ ఇట్టం" అని మూట చేతికిచ్చింది. ఇంట్లో విప్పడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. బడికి తెచ్చాడు. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక నన్ను పిలిచి, గది తలుపు దగ్గరికి వేసి, మూట విప్పాడు.

కాగితం గోధుమరంగుకు తిరిగిపోయింది. అంచులు మరీ నల్లగా, మధ్యలో కొంచెం లేతగా, ఎండిన తమలపాకు రంగులో ఉంది. వలిసె పూల పసుపు మురిగి ఆవపిండిలా అయింది. మంచు మంచులా లేదు, పొగలా ఉంది. అంతా బానే పోల్చుకోవచ్చు. ఎండ ఒక్కటే లేదు. ఎక్కడెక్కడ ఆయన తెలుపు వదిలాడో అక్కడక్కడ పొగ చేరింది. పిల్ల కోసం వదిలిన చోటు కూడా చుట్టూ ఉన్న కాగితంలాగే గోధుమరంగులోకి వెళ్ళిపోయింది.

ఆయన కాగితం మీద వేలు పెట్టి తీశాడు. వేలికి సన్నగా మసి అంటింది. కూర్చున్నాడు. నాకు ఏం చెయ్యాలో తోచక కిటికీ రెక్క తెరిచాను. వెలుతురు పడితే ఇంకా దారుణంగా కనిపించింది. మళ్ళీ మూశాను.

ఆయన అన్న మొదటి మాట బొమ్మ గురించి కాదు.

"దేవమణికి తెలీకూడదు మేష్టారూ. తనే పాడు సేసినానని అనుకుంటాది. గుంటని ఒళ్ళో ఎట్టుకుని కూడా దక్కించుకోలేకపోనానని ఇప్పటికీ నిద్దట్లో లేసి కూకుంటాది. ఇది కూడా తన సేతులమీదే పోనాదంటే బతకదు."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ సలహా ఇవ్వడం నాకున్న జబ్బు. ఎదుటివాడు కష్టంలో ఉంటే నాకు ఊరికే కూర్చోవడం రాదు. గదిలో మూలన బీరువా మీద బిస్కెట్ల డబ్బా ఉంది. ఏళ్ళ తరబడి పోగేసిన తెల్ల ట్యూబులు.

"ఇన్ని తెల్లరంగులున్నాయి కదా మేష్టారూ. పిల్ల ఉన్న చోట పూసేస్తే ఎండ మళ్ళీ వస్తుంది. ఆమెకేం తెలుస్తుంది?"

ఆయన నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. నాలుగేళ్ళ క్రితం దొంగ అన్నప్పుడు కూడా అలా చూడలేదు. "అది ఎండ కాదు" అన్నాడు, అంతే.

కానీ వేరే దారి లేదు. కొత్త కాగితం మీద మళ్ళీ వెయ్యమన్నాను. "ఆ పొద్దున దీంట్లో ఉంది, కొత్త దాంట్లో ఏటుంది?" అన్నాడు. నీళ్ళతో కడగమన్నాను. కాగితానికి బిగువు పోయిందనీ, కడిగితే ఉన్న కొండ కూడా కారిపోతుందనీ చెప్పాడు. మూడు రోజులు ఆ బొమ్మ బల్ల మీద బోర్లా పడి ఉంది. దేవమణి ఇంటి దగ్గర రోజూ అడుగుతూనే ఉంది, అయిందా అని. ఎర్రమట్టి తెచ్చి గోడ అలికిందట. మేకు కూడా కొట్టిందట.

నాలుగోనాడు వెళ్ళేసరికి ఆయన డబ్బాలోంచి ఒక ట్యూబు తీసి మూత తిప్పుతున్నాడు. అది బిగుసుకుపోయి రాలేదు. రెండోది కూడా రాలేదు. మూడోది పళ్ళతో లాగాడు. పద్ధెనిమిదేళ్ళుగా పిల్లల చేతికి అందనివ్వని రంగు ఆయన పళ్ళెంలోకి ముద్దగా పడింది. పూత మొదలుపెట్టాడు. ముఖం, చెయ్యి, భుజం మీది గుడ్డ. దాని మీద లేత నీడలు, చెవి దగ్గర ఎరుపు. పనితనంలో లోపం ఏమీ లేదు. కానీ పక్కన కొండ ఒక లోకంలో ఉంది, ఆ తెలుపు ఇంకో లోకంలో ఉంది. సున్నం కొట్టిన రాయి ఒకటి చేలో పాతినట్టు కనిపించింది నాకు.

"బాగుంది మేష్టారూ" అన్నాను. అబద్ధమాడాను. ఆయనకీ తెలుసు.

ఆదివారం ప్రార్థన అయ్యాక తనతో ఇంటికి రమ్మన్నాడు. ఒక్కడూ వెళ్ళలేనని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. వాన కాసేపు తెరిపి ఇచ్చింది. దేవమణి చర్చికి కట్టుకున్న తెల్ల చీరలోనే ఉంది. నాకు పీట వేసి, చెంబుతో నీళ్ళు పెట్టి, మూట తీసుకుని గుమ్మంలో వెలుతురు దగ్గర కూర్చుంది. ఎదురుగా కొత్తగా అలికిన గోడ, దాని మీద మేకు.

విప్పి చూసింది. ముందు బొమ్మను దూరంగా పట్టుకుంది, తర్వాత దగ్గరికి తెచ్చుకుంది. మేమిద్దరం ఆమె ముఖమే చూస్తున్నాం.

"గుంటేది?" అంది.

"ఇదిగో, ఇక్కడే" అన్నాడు టైటస్ మేష్టారు. "ఎండలో నిలబడింది గదా. అంచేత తెల్లగుంది."

"ఇది కాదు. మన గుంటని అడుగుతున్నాను." గొంతులో కోపం లేదు. ఏదో వస్తువు ఎక్కడ పెట్టావని అడిగినట్టే అడిగింది. "ఏటా ఇత్తనాలు దించినప్పుడు నాను ఇప్పి సూసుకుంటన్నాను. నీకు సెప్పలేదు, పేరెత్తితే నువ్వు అన్నం మానేస్తావని. మొదటేడు ఏటీ నేదు, తెల్లగా కన్నమే. మరుసటేడు కొంచెం రంగొచ్చింది. ఏడాదేడాదికీ ఒస్తన్నాది. ఈ ఏడు దించితే మన గుంట రంగే. సెయ్యి అడ్డమెట్టుకుని నా దిక్కే సూస్తన్నాది. దాన్నేటి సేసినావు?"



ఆ గోధుమరంగు కాగితాన్ని మేమిద్దరం గంటలు గంటలు చూశాం. నేను పంతులునని, ఆయన చిత్రకారుడని. ఇద్దరం పోయిన ఎండనే వెతుక్కున్నాం. ఆ రంగు ఆ పిల్ల ఒంటి రంగని ఒక్కరికీ తట్టలేదు. నేనంటే ఆ పిల్లను చూడలేదు. ఆయన చూశాడు, ఎత్తుకుని పెంచాడు, అయినా ఆయన కళ్ళకు తను వదిలిన తెలుపే కావాల్సి వచ్చింది. నాకు అక్కడినుంచి లేచి పారిపోవాలనిపించింది. ఆ సలహా నాదని చెప్పాలనిపించింది. చెప్పలేదు. అంత పిరికివాణ్ణని నాకు అప్పటిదాకా తెలియదు.

"నీ మొకం అలాగెట్టకు" అంది దేవమణి భర్తతో. "పైన సున్నం లాంటిది పడింది, అంతే గదా. లోపల గుంట ఉంటాది."

చెంగు కొస చెంబు నీళ్ళలో ముంచింది.

"దేవమణీ, ఒద్దు" అన్నాడాయన. "తుడవకు. ఆ కాగితం ఆగదు."

ఆమె అప్పటికే తుడుస్తోంది. చంటిపిల్లకు నిద్ర లేవగానే ముఖం తుడిచినట్టు, నుదుటినుంచి కిందికి, మెత్తగా. తెలుపు కదిలింది. దాని కింది మసి కూడా కదిలింది. రెండూ కలిసి బూడిదరంగు అయ్యాయి. ఇంకోసారి తుడిచింది. కాగితం పైపొర సన్నగా నలుసులు నలుసులుగా లేచి ఆమె వేళ్ళకు చుట్టుకుంది. పక్కనున్న కొండ నీలం జారి ఆ బూడిదలోకి దిగింది. ఆయన ముందుకు వంగి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్నాడే గాని, ఆ చేతిని పక్కకు లాగే బలం ఆయనలో లేదు. మూడోసారి కూడా ఆమె చెయ్యి కాగితం మీద కిందికి వెళ్ళింది.

అప్పుడు ఆగింది. కంటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి ఉండాల్సిన చోట చిల్లు పడి, కింద ఆమె మోకాలి మీది తెల్ల చీర కనిపిస్తోంది. చెంగు కొస తిప్పి చూసుకుంది. దాని నిండా బూడిదరంగు తడి.

"నాను సేసింది ఇదంతా" అన్నాడు టైటస్ మేష్టారు. "నువ్వు కాదు. ఇంటన్నావా, నువ్వు కాదు."

ఆమె వినలేదు. చెంగు కొసనే చూస్తోంది.

"నానే తుడిసీసినాను" అంది.

ఆ ఒక్క మాట ఆమె నోట రాకూడదనే ఆయన ఆ తెల్ల ట్యూబు మూత తీశాడు.